సౌదీ ఆజాద్ వీసాకు 1,70,000 అడుగుతున్నారు, కంపెనీ వీసాకు 90,000. ఏది తీసుకోవాలి?

జగిత్యాల ఆడబిడ్డ:
అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది జగిత్యాల దగ్గర పల్లె. మా తమ్ముడికి 26 ఏళ్లు, తొమ్మిది వరకే చదివాడు, పాస్‌పోర్ట్ ఈసీఆర్ (పోవాలంటే మన సర్కారు క్లియరెన్స్ కావాల్సింది). ఊళ్లో తెలిసిన ఏజెంట్ రెండు వీసాలు చెప్తున్నాడు. ఒకటి రియాద్‌లో కంపెనీ వీసా, క్లీనింగ్ పని, 1,200 రియాళ్లు, రూమ్ వాళ్లదే, 90,000 కట్టాలట. రెండోది ఆజాద్ వీసా, హౌస్ డ్రైవర్ అని కొడతారు కానీ బయట ఎక్కడైనా పని చేసుకోవచ్చు, 2,500 దాకా వస్తాయి అంటున్నాడు, దానికి 1,70,000. మావాడికి డ్రైవింగే రాదు. అమ్మ అప్పటికే నూటికి 2 రూపాయల వడ్డీకి అప్పు మాట్లాడి పెట్టింది. నిన్న ఏజెంట్ నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి "వీసా 1,70,000, మెడికల్ వేరే" అని పెన్నుతో రాసిచ్చాడు, దాని మీద ఆఫీసు పేరు లేదు, ముద్ర లేదు. అసలు ఇంత ఖర్చు దేనికి? తీసుకెళ్లేవాడు ఏమీ పెట్టుకోడా?

దమ్మామ్‌లో 11 ఏళ్లు:
చెల్లె, ఆజాద్ వీసా అనేది సౌదీ చట్టంలో లేనే లేదు. ఒక కఫీల్ (వీసా తీసే సౌదీ యజమాని) పేరు మీద వీసా తీసి, బయట ఎవరి దగ్గరైనా చేసుకో పో అని వదిలేయడమే ఆజాద్ అంటే. కఫీల్ దగ్గర కాకుండా వేరే చోట పని చేస్తూ చెకింగ్‌లో దొరికితే తప్పు మీ తమ్ముడిదే అవుతుంది. నేను మొదటి నాలుగేళ్లు అట్లనే ఉన్నాను, హౌస్ డ్రైవర్ కాదు, చిన్న కంపెనీ పేరు మీద. పనులు ఉన్న నెల 2,500 నిజంగానే వచ్చేవి, పని లేని నెల రూమ్ కిరాయికి కూడా అప్పే. అకామా (అక్కడ ఉండే పర్మిట్ కార్డు) రెన్యువల్ వచ్చిందంటే కఫీల్ బకాలా (కిరాణా కొట్టు) కౌంటర్ ముందు నిలబడి నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాణ్ణి. ఒక ఏడాది 11,000 రియాళ్లు ఇచ్చాను, ఆయన డబ్బు తీసుకుని కూడా రెండు నెలలు రెన్యువల్ చేయలేదు. ఆ రెండు నెలలు చీకటి పడ్డాక తప్ప రోడ్డు మీదికి రాలేదు. ఎదురు మాట్లాడితే హురూబ్ పెడతాడని భయం. హురూబ్ పడితే పారిపోయినోడి కిందే లెక్క.

జుబైల్ ఆఫీసు క్లర్క్:
తీసుకెళ్లేవాడు ఏం పెట్టుకోడా అని అడిగారు కదా, నేను మెయింటెనెన్స్ కంపెనీలో ఈ కాగితాల పనే చేస్తాను, చెప్తాను. కొత్త వీసా ఒకటి తీయడానికి కంపెనీ సర్కారుకు 2,000 రియాళ్లు కడుతుంది. తర్వాత ఏడాదికి అకామా 650, వర్క్ పర్మిట్ 100, ఇన్సూరెన్స్ వేరే. అసలు బరువు లెవీ, అంటే బయటి దేశం మనిషిని పెట్టుకున్నందుకు సర్కారుకు కట్టేది. కంపెనీలో సౌదీల కంటే బయటివాళ్లు ఎక్కువుంటే మనిషికి నెలకు 800, లేకపోతే 700, 2020 నుంచి ఇదే రేటు. అంటే ఒక్క లెవీయే ఏడాదికి 9,600. అకామా, పర్మిట్ కలిపితే 10,350, రియాల్ 23 రూపాయలనుకున్నా మన డబ్బులో 2,38,000 దాటుతుంది. సౌదీ లేబర్ చట్టం 40వ ఆర్టికల్ ప్రకారం వీసా, అకామా, వర్క్ పర్మిట్, వాటి రెన్యువల్, లేటైతే పడే జరిమానా, పని అయిపోయాక తిరుగు టికెట్ అన్నీ యజమాని ఖర్చే. దమ్మామ్ అన్న కట్టిన 11,000 ఆయన కఫీల్ కట్టాల్సిన డబ్బు, అంతే.

హౌస్ డ్రైవర్ వీసాలే ఆజాద్ పేరుతో ఎందుకు అమ్ముతారంటే, ఇంటి పనివాళ్లకు నలుగురు దాటనంతవరకు లెవీ లేదు. కఫీల్‌కు పెద్ద ఖర్చు లేకుండానే చేతిలో డబ్బు పడుతుంది. కానీ 2021 మార్చిలో వచ్చిన మార్పు, ఏడాది తర్వాత యజమాని ఒప్పుకోకపోయినా వేరే కంపెనీకి మారొచ్చన్నది, హౌస్ డ్రైవర్లకు, ఇంటి పనివాళ్లకు వర్తించదు. ఇరుక్కుంటే ఇరుక్కున్నట్టే. కంపెనీ వీసాకే పోతే అగ్రిమెంట్ సౌదీ లేబర్ శాఖ వెబ్‌సైట్ కివాలో ఎక్కిందా లేదా చూసుకోమనండి, అక్కడికి పోయాక సౌదీ సర్కారు యాప్ అబ్షర్‌లో అకామా తారీఖు తనే చూసుకోవచ్చు.

కరీంనగర్ టీచరమ్మ:
మా ఆయన రెండుసార్లు పోయి వచ్చాడు కాబట్టి ఇక్కడి లెక్క నేను చెప్తా. లైసెన్సు ఉన్న ఏజెంట్ మన దగ్గర తీసుకోగలిగింది 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. 90,000 కూడా చట్టం ఒప్పుకునే డబ్బు కాదమ్మా, అది తక్కువలా కనిపించేది పక్కన 1,70,000 పెట్టారు కాబట్టే. ఈసీఆర్ పాస్‌పోర్ట్ కాబట్టి మన సర్కారు వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్ రావాల్సిందే, ప్రవాసీ భారతీయ బీమా కూడా అప్పుడే కట్టాలి, రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో పోతే 10 లక్షలు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తాం అంటే మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు. ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో ఈ రాత్రే చూడండి. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంట్లకు లైసెన్సు ఉండదు.

ఇంకో మాట, 1,70,000కు 2 రూపాయల వడ్డీ అంటే నెలకు 3,400. మా ఆయన మొదటి ట్రిప్పు జీతంలో ఎనిమిది నెలలు వడ్డీకే పోయింది, అసలు అట్లనే ఉంది. పిల్ల ఫీజు కట్టలేక నేను గొలుసు కుదువ పెట్టాను.

జగిత్యాల ఆడబిడ్డ:
అందరికీ చాలా థాంక్స్. వెబ్‌సైట్‌లో వెతికాను, ఆయన పేరు లేదు. పొద్దున అమ్మను తీసుకుని వెళ్లి లైసెన్సు నంబర్, రసీదు అడిగితే "ఊరివాళ్లం, మన మధ్య రసీదులేంది" అన్నాడు. ఆజాద్ వద్దని చెప్పేశాం. హైదరాబాద్‌లో లైసెన్సు ఉన్న ఆఫీసుకు తమ్ముణ్ణి పంపుదామనుకుంటున్నాం, కానీ పాస్‌పోర్ట్ ఆయన దగ్గరే ఉంది, 5,000 ఖర్చయింది, అది ఇస్తేనే ఇస్తానంటున్నాడు.

జుబైల్ ఆఫీసు క్లర్క్:
పాస్‌పోర్ట్ పట్టుకుని కూర్చునే హక్కు ఆయనకు లేదు. ఆ 5,000 దేనికయిందో బిల్లు చూపించమనండి, లేకపోతే పైసా ఇవ్వొద్దు. రేపు సర్పంచ్‌నో కులపెద్దనో వెంట తీసుకెళ్లి అడగండి, ఇవ్వకపోతే అక్కడి నుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోండి. ఆ రాసిచ్చిన కాగితం జాగ్రత్తగా పెట్టుకోండి, ఫోటో కూడా తీసుకోండి. పాస్‌పోర్ట్ వచ్చాక ఇక్కడ రాయండి, కంపెనీ అగ్రిమెంట్‌లో ఏ లైన్లు చూడాలో నేను చెప్తా.