కోడ్ వదిలేసి ఆరేళ్లకే ఆర్కిటెక్ట్ అవ్వడం తెలివైన పనేనా?

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా జావా బ్యాకెండ్ చేస్తున్నా, హైదరాబాద్‌లో ఒక సర్వీసెస్ కంపెనీ, క్లయింట్ ఇక్కడి బీమా సంస్థ. ఈమధ్య మేనేజర్ పిలిచి జూనియర్ సొల్యూషన్ ఆర్కిటెక్ట్ రోల్ ఇస్తానన్నాడు. జీతం కొంచెం పెరుగుతుంది. కానీ ఇక కోడ్ ముట్టుకోవడం ఉండదు. ఆర్‌ఎఫ్‌పీలకు (క్లయింట్లు టెండర్‌లా ప్రతిపాదనలు అడుగుతూ పంపే పత్రాలు) సొల్యూషన్ రాయడం, డిజైన్ డాక్యుమెంట్లు, ఎస్టిమేట్లు, క్లయింట్ కాల్స్, ఇంతే పని. టీమ్‌లో సగం మంది పట్టేసెయ్ అంటున్నారు. మిగతా సగం పీపీటీ ఇంజనీర్‌వి అయిపోతావ్, రెండేళ్ల తర్వాత బయట ఇంటర్వ్యూకి వెళ్తే కోడింగ్ రౌండ్‌లోనే ఇంటికి పంపిస్తారు అంటున్నారు. ఒప్పుకోవాలా వద్దా? ఒప్పుకుంటే మొదటి ఏడాది దేని మీద టైమ్ పెట్టాలి? ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ఆర్కిటెక్ట్ అసోసియేట్ సర్టిఫికేషన్ ఉంది. దాని పై మెట్టు ప్రొఫెషనల్ రాయాలా, టోగాఫ్ అనే ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ సర్టిఫికేషన్ చేయాలా?

నిద్రలేని_పేజర్:
ఒప్పుకోకు తమ్ముడూ. అసలు జూనియర్ ఆర్కిటెక్ట్ అనే పోస్టు మీదే నాకు అనుమానం, బిల్లింగ్ రేటు పెంచుకోవడానికి కంపెనీలు కనిపెట్టిన పేరది. నేను ఆన్‌కాల్‌లో, అంటే సిస్టమ్ పడిపోతే ఏ వేళైనా లేచి చూసే డ్యూటీలో ఉండేవాణ్ణి, మీరు గీసినవన్నీ అర్ధరాత్రి మాకే తగులుతాయి.

ఒక్క ఉదాహరణ చెప్తా. డయాగ్రామ్‌లో ఆర్డర్ సర్వీస్ నుంచి పేమెంట్ సర్వీస్‌కి ఒక బాణం ఉంటుంది, చూడ్డానికి ముచ్చటగా. ఆ బాణానికి టైమౌట్ ఎంత? ఫెయిలైతే మళ్లీ ప్రయత్నించేది ఎవరు? పైన గేట్‌వే వాళ్లు మూడు ప్రయత్నాలు, మధ్యలో సర్వీస్ వాళ్లు మూడు, కింద లైబ్రరీలో ఇంకో మూడు, ఎవరికి వారు పెట్టేసుకుంటారు. కస్టమర్ బటన్ ఒక్కసారే నొక్కుతాడు, డేటాబేస్ మీద మాత్రం మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు 27 కాల్స్ పడతాయి. అది కూడా డేటాబేస్ అప్పటికే మూలుగుతున్న టైమ్‌లో. పైగా రెండోసారి వెళ్లిన రిక్వెస్ట్ డబ్బు మళ్లీ కట్ చేస్తుందా లేదా అన్నది ఏ డబ్బాలోనూ రాసి ఉండదు.

కనెక్షన్ల సంగతీ అంతే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలుగా వచ్చే కనెక్షన్ల పరిమితి 100. ఆటోస్కేలింగ్ (లోడ్‌ని బట్టి కాపీలు వాటంతటవే పెరగడం) పెట్టామని గొప్పగా స్లైడ్‌లో రాస్తారు, లోడ్ పెరిగి 40 పాడ్‌లు, అంటే అప్లికేషన్ కాపీలు లేస్తాయి, ఒక్కోటి 20 కనెక్షన్లు తెరిచి పెట్టుకుంటే మొత్తం 800. సిస్టమ్‌ని కాపాడాల్సిన ఆటోస్కేలింగే దాన్ని పడగొడుతుంది. ఇవి స్లైడ్‌లు చేస్తే వచ్చే చదువులు కావు. ఇంకో మూడేళ్లు ప్రొడక్షన్‌లో ఉండు, తర్వాత చూసుకోవచ్చు.

క్యాబిన్_లేని_ఆర్కిటెక్ట్:
పేజర్ అన్నా, బాణం గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, కానీ దాన్నుంచి మీరు తేల్చిన ముక్కతోనే పేచీ. ఆన్‌కాల్‌లో మూడేళ్లు ఉంటే ఒకే సిస్టమ్ ఎన్ని రకాలుగా పడిపోతుందో తెలుస్తుంది. అది మంచిదే. కానీ ఆ సిస్టమ్ అసలు అంత క్లిష్టంగా ఎందుకు కట్టారు, అప్పుడు క్లయింట్ ఏం అడిగాడు, బడ్జెట్ ఎంత, ఎవరు దేనికి తలొగ్గారు, ఇవి పేజర్ మోగినప్పుడు తెలియవు. నేను ప్రీసేల్స్ (ప్రాజెక్ట్ గెలవడానికి ముందు జరిగే పని) వైపు నుంచి వచ్చినదాన్ని కాబట్టి కొంత పక్షపాతం ఉందనుకోండి.

గట్టు గారూ, ఈ పనిలో ముందు నేర్చుకోవాల్సింది అడగడం. ఒక కాల్‌లో క్లయింట్ వైపు పెద్దాయన "సిస్టమ్ ఎప్పుడూ అప్‌లోనే ఉండాలి" అన్నాడు. మా వాళ్లు వెంటనే రెండు రీజియన్లు (వేర్వేరు ఊళ్లలోని డేటా సెంటర్లు), యాక్టివ్-యాక్టివ్, అంటే రెండూ ఒకేసారి నడిచేలా అని రాయడం మొదలెట్టారు. నేను అడిగింది రెండే: రాత్రి పదకొండుకి గంటసేపు ఆగితే ఎవరికి ఏం నష్టం, ఆ నష్టం ఇంతని ఎవరైనా లెక్కేశారా? కాసేపు అటువైపు అందరూ మ్యూట్‌లో ఉన్నారు. తర్వాత ఆపరేషన్స్ ఆవిడ మాట్లాడింది, వాడేది బ్రాంచ్ స్టాఫ్ మాత్రమేనట, సాయంత్రం ఆరు దాటితే లాగిన్లే ఉండవట. అసలు భయం ఏంటంటే నెలాఖరు బ్యాచ్ తెల్లారేలోపు అవ్వకపోవడం. రెండో రీజియన్ అక్కడికక్కడే పోయింది, బ్యాచ్ మళ్లీ ఆగినచోటి నుంచి మొదలయ్యేలా కట్టడానికి ఆ డబ్బు మళ్లింది.

దీంతోపాటు కాస్త లెక్క కూడా రావాలి. 99.9 శాతం అంటే ఏడాదికి సుమారు 8 గంటల 45 నిమిషాల డౌన్‌టైమ్. అలాంటి సర్వీసులు ఐదు ఒకదాని మీద ఒకటి ఆధారపడితే మొత్తం 99.5కి దిగుతుంది, అంటే దాదాపు 44 గంటలు. ఇది తెలియకుండా ఎస్‌ఎల్‌ఏలో (క్లయింట్‌కి ఇచ్చే సేవా హామీ ఒప్పందంలో) 99.99 అని రాసి సంతకం పెట్టించిన మహానుభావులు ఉన్నారు.

సర్వర్‌లెస్_సుబ్బు:
ఈ గొడవంతా మైక్రోసర్వీసుల వల్లే, అంటే ఒక సిస్టమ్‌ని చిన్న చిన్న సర్వీసులుగా ముక్కలు చేయడం వల్లే. అమెజాన్ ప్రైమ్ వీడియో వాళ్లే 2023లో మోనోలిత్‌కి (అంతా ఒకే ప్రోగ్రామ్‌గా ఉండే పద్ధతికి) తిరిగొచ్చేసి 90 శాతం ఖర్చు తగ్గించుకున్నామని రాసుకున్నారు. ఇంకా మనకి ఆర్కిటెక్ట్‌లు ఎందుకు, ఒక జార్ ఫైల్ (జావా ప్రోగ్రామ్ మొత్తం ఒకే ఫైల్‌లో), ఒక డేటాబేస్, అయిపాయె.

క్యాబిన్_లేని_ఆర్కిటెక్ట్:
సుబ్బూ, ఆ పోస్ట్ హెడ్డింగ్ దగ్గరే ఆగిపోయినట్టున్నావ్. ప్రైమ్ వీడియో మొత్తం మోనోలిత్ అవ్వలేదు. వీడియో, ఆడియో నాణ్యతలో లోపాలు పట్టుకునే ఒక మానిటరింగ్ టూల్ ఉంది, అది పనులని వరసలో నడిపే స్టెప్ ఫంక్షన్స్ అనే ఏడబ్ల్యూఎస్ సర్వీస్‌కి ప్రతి చిన్న అడుగుకీ డబ్బు కడుతూ, వీడియో ఫ్రేములు ఎస్3 అనే క్లౌడ్ స్టోరేజ్‌లో పెట్టి తీసి చేస్తోంది. దాన్ని ఒకే ప్రాసెస్‌లోకి తెచ్చి ఫ్రేములు మెమరీలోనే చేతులు మారేలా చేశారు. పడిన ఖర్చు ఎక్కడి నుంచి వస్తోందో వేలుపెట్టి చూపించగలగడం అక్కడి విషయం. అదే ఆర్కిటెక్ట్ పని, నువ్వు అక్కర్లేదంటున్నది.

సర్వర్‌లెస్_సుబ్బు:
సరే అక్కా, ఒప్పుకున్నా. జార్ ఫైల్ మాత్రం వదలను.

అమీర్‌పేట_బ్యాచ్:
సర్టిఫికేషన్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదు, అడిగిందేమో అది. నేను మైత్రీవనం దగ్గర కోచింగ్ తీసుకుని ఈ ఫీల్డ్‌లోకి వచ్చినవాణ్ణి, కాబట్టి ఎగతాళి చేసేవాళ్లు ఎలాగూ చేస్తారు. అసోసియేట్ పరీక్ష 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, వెయ్యికి 720 వస్తే పాస్, మూడేళ్లు చెల్లుబాటు. డంప్‌లు (బయటికొచ్చిన పాత ప్రశ్నలు) బట్టీ పట్టి పాసయ్యేవాళ్లు చాలామంది ఉన్నారు, నిజమే. కానీ నాలాంటి వాళ్లకి క్యూ అంటే ఏంటి, రీడ్ రెప్లికా (చదవడానికి మాత్రమే వాడే డేటాబేస్ కాపీ) ఎందుకు, బ్యాకప్‌కీ డిజాస్టర్ రికవరీకీ తేడా ఏంటి అని ఒక వరసలో చదివించింది ఆ పరీక్షే. టీమ్‌లో ఐదేళ్లు ఒకటే మాడ్యూల్ చేస్తే ఇవి కంటపడవు.

ఇంకోటి, కంపెనీ ఎందుకు రాయమంటోందో కూడా తెలుసుకో. క్లౌడ్ కంపెనీల పార్ట్‌నర్ హోదా పై మెట్టుకి వెళ్లాలంటే ఇంతమంది సర్టిఫైడ్ ఉండాలని నిబంధన ఉంటుంది. అంటే నీ సర్టిఫికెట్ అవసరం నీకంటే వాళ్లకే ఎక్కువ. ఫీజు వాళ్లతోనే కట్టించు. టోగాఫ్ మాత్రం ఇప్పుడు వద్దు, అది ఎంటర్‌ప్రైజ్ మొత్తానికి ఆర్కిటెక్చర్ గీసే స్థాయి వాళ్లకి, ఆర్‌ఎఫ్‌పీలో అడిగితే తప్ప.

లీడ్స్_లో_ఉప్మా:
యూకేలో బ్యాంకింగ్ ప్రాజెక్టుల్లో ఉన్నా కాబట్టి ఇక్కడి సంగతి ఒకటి చెప్తా. ఇక్కడ టీఎస్‌బీ అనే బ్యాంకు 2018 ఏప్రిల్‌లో లాయిడ్స్ పాత సిస్టమ్ నుంచి తమ అప్పటి యజమాని అయిన స్పెయిన్ బ్యాంకు సబాడెల్ గ్రూప్ ప్లాట్‌ఫామ్‌కి ఒకే వారాంతంలో మారిపోయింది. 52 లక్షల మంది కస్టమర్లు. డేటా బాగానే వెళ్లింది, ప్లాట్‌ఫామ్ కూలబడింది. లక్షలమంది రోజుల తరబడి సొంత ఖాతాలోకి లాగిన్ అవ్వలేకపోయారు. తర్వాత జరిగిన దర్యాప్తులో తేలింది ఏంటంటే రెండు డేటా సెంటర్లు కలిసి పనిచేసేలా కట్టి, లోడ్ టెస్టింగ్ మాత్రం ఒక్కదాని మీదే చేశారు. స్లైడ్‌లో రెండు డబ్బాలూ ఒకేలా ఉంటాయి కదా మరి.

2022లో బ్యాంకుకి 4.86 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. 2023లో అప్పటి చీఫ్ ఇన్ఫర్మేషన్ ఆఫీసర్‌కి వ్యక్తిగతంగా 81,620 పౌండ్లు వేశారు, ప్లాట్‌ఫామ్ కట్టిన సప్లయర్ నిజంగా సిద్ధంగా ఉన్నాడో లేదో సరిగా చూసుకోలేదని. సప్లయర్ సిద్ధం అన్నాడు, ఈయన నమ్మాడు. అందుకే గట్టూ, జూనియర్‌గా నీకు నేర్పాల్సిన నైపుణ్యం అంటూ ఉంటే అది "టెస్ట్ చేశాం" అని ఎవరన్నా అన్నప్పుడు ఎక్కడ, ఎంత లోడ్‌తో, రిజల్ట్ చూపించు అని అవతలివాడి మొహం మాడ్చుకున్నా సరే అడగడం. మొహమాటం ఉన్నవాళ్లకి ఈ ఉద్యోగం కష్టం. మనవాళ్లకి ఆన్‌సైట్ క్లయింట్ ముందు మొహమాటం మరీ ఎక్కువ, తెల్లదొర చెప్పాడంటే తలూపేస్తారు, చూస్తూనే ఉన్నా.

నిద్రలేని_పేజర్:
లీడ్స్ గారు చెప్పింది నా వాదనకే బలం. టెస్ట్ చేశామంటే అబద్ధం అని పసిగట్టాలంటే నువ్వు స్వయంగా టెస్ట్ చేసి ఉండాలి. అడగడం నేర్చుకో అంటారు, ఏం అడగాలో తెలియాలి కదా. ఈత రానివాడు గట్టు మీద నిలబడి కోచింగ్ ఇచ్చినట్టుంటుంది.

క్యాబిన్_లేని_ఆర్కిటెక్ట్:
ఆరేళ్లు బ్యాకెండ్ చేసినవాడికి ఈత రాదని ఎవరన్నారు?

సరే, పోట్లాట పక్కన పెట్టి ఒకటి చెప్తా. గట్టు గారి క్లయింట్ బీమా అన్నారు. ఆ డొమైన్ చదవండి ముందు. ఇక్కడి పాలసీల, క్లెయిముల ఎలక్ట్రానిక్ రికార్డులు దేశంలోని డేటా సెంటర్లలోనే ఉండాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2015లోనే నిబంధన పెట్టింది. పేమెంట్ డేటా కూడా దేశంలోనే ఉండాలని ఆర్‌బీఐ 2018 ఏప్రిల్ సర్క్యులర్ ఉంది. ఏడబ్ల్యూఎస్ మీద కట్టేవాళ్లకి దేశంలో ముంబై ఒక్కటే ఉన్నన్నాళ్లు రెండో రీజియన్‌లో డీఆర్ (డిజాస్టర్ రికవరీ) అంటే సింగపూర్ వైపు చూసేవాళ్లు, అది ఇలాంటి క్లయింట్లకి కుదరదు. 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ వచ్చాక డిజైన్లే మారాయి. ఏ సర్టిఫికేషన్ సిలబస్‌లోనూ ఇది దొరకదు, క్లయింట్ కంప్లయన్స్ టీమ్‌తో కూర్చుంటే దొరుకుతుంది.

గోదారి_గట్టు:
అందరికీ థాంక్స్. నిజం చెప్పాలంటే పేజర్ అన్న మాటలకే ఎక్కువ టెన్షన్ వచ్చింది, ఎందుకంటే నా భయం కూడా అదే. కానీ మూడేళ్లు ఆగితే ఈ పోస్టు ఇంకొకరికి వెళ్తుంది. మేనేజర్‌ని రెండు అడుగుదామనుకుంటున్నా. ఒకటి, నేను సొల్యూషన్ రాసిన ప్రాజెక్ట్ గెలిస్తే గో-లైవ్ అయ్యేదాకా, అంటే నిజంగా వాడకంలోకి వచ్చేదాకా దాంట్లోనే ఉంచాలి, గెలవగానే ఇంకో ఆర్‌ఎఫ్‌పీకి లాగేయకూడదు. రెండు, ప్రొడక్షన్ ఇన్సిడెంట్ రివ్యూలకి నన్ను పిలవాలి. ఇవి అడగదగ్గవేనా?

నిద్రలేని_పేజర్:
రెండోది ఇస్తారు, ఫ్రీ కాబట్టి. మొదటిదానికి ఒప్పుకుంటే నేను నా మాట వెనక్కి తీసుకుంటా, ఎందుకంటే తన డాక్యుమెంట్ వల్ల టీమ్ ఏం పడుతోందో చూడక తప్పని ఆర్కిటెక్ట్ రెండో డాక్యుమెంట్ వేరేలా రాస్తాడు. కానీ సర్వీసెస్ కంపెనీలో నిన్ను గో-లైవ్ దాకా ఉంచితే ఆ కొన్ని నెలలు నీ బిల్లింగ్ ఎవరి నెత్తిన వేస్తారు? అది ఎస్టిమేట్‌లోనే పెట్టాలి. ఎస్టిమేట్ రాసేది నువ్వే కదా, నీ పేరు మీద పార్ట్ టైమ్ లైన్ ఒకటి మొదటి రోజే వేసేయ్.

క్యాబిన్_లేని_ఆర్కిటెక్ట్:
వేసినా ధర తగ్గించేటప్పుడు ముందు కోసేసేది ఆ లైన్నే, అనుభవం మీద చెప్తున్నా. "డిజైన్ అష్యూరెన్స్" (డిజైన్ ప్రకారమే కడుతున్నారా అని చూసే పని) అని విడిగా రాయకుండా టెస్టింగ్ కిందో, ట్రాన్సిషన్ కిందో కలిపేయండి, బతుకుతుంది. ఇంకా, ప్రతి పెద్ద నిర్ణయానికి ఒక పేజీ రాసి రిపోలో కోడ్ పక్కనే పెట్టండి: ఏం ఎంచుకున్నాం, ఏవి వద్దనుకున్నాం, ఎందుకు, దీనివల్ల ఏం భరించాలి. మైకేల్ నైగార్డ్ 2011లో రాసిన పద్ధతి, ఇప్పుడు ఏడీఆర్ (ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్) అంటున్నారు. మీరు ప్రాజెక్ట్‌లో లేకపోయినా పేజర్ అన్న లాంటివాళ్లు రాత్రి దాన్ని తెరిచి తిట్టుకోవడానికైనా పనికొస్తుంది.

గోదారి_గట్టు:
మేనేజర్‌తో మాట్లాడా. ఇన్సిడెంట్ రివ్యూలకి సరే అన్నాడు. గో-లైవ్ సంగతి "చూద్దాంలే" అన్నాడు, మెయిల్ పెట్టాను, ఇంకా రిప్లై రాలేదు. సోమవారం లోపు చెప్పమన్నారు.

అమీర్‌పేట_బ్యాచ్:
రిప్లై రాకముందే ఒప్పుకోకు. పరీక్ష ఫీజు సంగతి అదే మెయిల్‌లో అడిగావా?