వార్తల హెడ్‌లైన్ల గురించి ఇంగ్లీషులో ఎలా మాట్లాడాలి?

మాది పర్లాకిమిడి. ఇంగ్లీషు పేపర్ చదివితే అర్థమవుతుంది గానీ, ఇంటర్వ్యూలో వార్తల గురించి చెప్పమంటే టెన్షన్‌తో నోరు పెగలదు. 'మేక్ హెడ్‌లైన్స్', 'హిట్ ద హెడ్‌లైన్స్' రెండూ ఒకటేనా అన్నా?

బరంపురం నుంచి:
దాదాపు ఒకటే తమ్ముడూ. 'మేక్' అంటే వార్తలకెక్కడం, మంచికైనా చెడ్డకైనా. 'హిట్'లో ఒక్కసారిగా అన్న ఊపు ఉంటుంది, మధ్యలో 'ద' మాత్రం వదలకు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మన గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడేంత వాన కురిపించింది చూడు, అలాంటిదానికి 'హిట్' బాగా నప్పుతుంది. అదే వార్త రోజుల తరబడి నడిస్తే 'డామినేట్ ద హెడ్‌లైన్స్' అను, 2023 జూన్‌లో బాలాసోర్ రైలు ప్రమాదంలాగా.

రాయగడ నుంచి:
ఇంకోటి బాబూ, 'ఏ న్యూస్' అనకు, 'ఏ పీస్ ఆఫ్ న్యూస్' అనాలి. 'బ్రేక్ ద న్యూస్' టీవీవాళ్లదే కాదు, ఇంట్లోవాళ్లకు చెడ్డ కబురు మెల్లగా చెప్పడానికీ వాడతారు. పేపర్లో 'సైక్లోన్ హిట్స్ కోస్ట్' అని జరిగిపోయినదాన్ని కూడా వర్తమానంలో వేస్తారు, నువ్వు మాట్లాడేటప్పుడు మాత్రం 'ద సైక్లోన్ హిట్ ద కోస్ట్' అని భూతకాలంలోనే చెప్పు.