9 నెలల పాప: ఇది స్వభావమా, వయసు ప్రభావమా?

నల్లకుంట_అమ్మ:
మా పాపకి తొమ్మిదో నెల నిండింది. పెద్దవాడు ఈ వయసులో ఎవరు చేతులు చాపితే వాళ్ల మీదకి దూకేవాడు, కూరగాయల బండాయన మీదకి కూడా. ఇది అలా కాదు. కొత్త వస్తువు ఏది ఇచ్చినా వెంటనే ముట్టుకోదు. నిన్న స్టీలు గిన్నె, గరిటె ముందు పెట్టాను. చేతులు దగ్గరికి లాక్కుని చూస్తూ కూర్చుంది. తర్వాత చూపుడువేలితో అంచు తాకి నా మొహం చూసింది. నేనేమీ అనకపోయేసరికి మళ్లీ తాకింది. ఇంక అంతే, సాయంత్రం దాకా ఇల్లంతా మోతే. గరిటె తీసుకుంటే ఒప్పుకోదు.

మిక్సీ, కుక్కర్ విజిల్ అంటే లెక్కే లేదు. చెత్త ఆటో పాట వినిపిస్తే తలుపు వైపు పాకుతుంది. అదే మా ఆయన గడ్డం తీయించుకుని వస్తే ఏడుపు లంకించుకుంది! గొంతు విన్నాక గానీ దగ్గరికి వెళ్లలేదు.

ఆదివారం మా ఆడపడుచు వచ్చి ఎత్తుకోగానే కెవ్వుమంది. "అప్పుడే ఇంత పొగరా" అని ఆవిడ, దిష్టి తగిలిందని మా అత్తయ్య. ఉప్పు, మిరపకాయలు తిప్పేశారు కూడా. తిప్పితే తిప్పారు గానీ, అందరి చేతుల్లో పెట్టి అలవాటు చేయమంటున్నారు. చేయాలా?

మల్కాజిగిరి_నాన్న:
రెండూ ఉన్నాయండి. కొత్తవాళ్లని చూసి ఏడవడం ఈ వయసులో మామూలే. తెలిసిన మొహమేదో, తెలియనిదేదో పోల్చుకోవడం వచ్చిందన్నమాట. తాకి మీ మొహం చూడటం కూడా ఈ నెలల్లోనే మొదలవుతుంది. "పర్వాలేదా" అని మిమ్మల్ని అడుగుతోంది.

ముందు ఆగి చూసుకోవడం మాత్రం స్వభావం కావచ్చు. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే భార్యాభర్తలు, ఇద్దరూ మానసిక వైద్యులే, 1956లో పసిపిల్లల్ని ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టారు. తేలిగ్గా కలిసిపోయేవాళ్లు సుమారు 40 శాతం, మెల్లగా కలిసేవాళ్లు 15, పేచీకోరులు 10 అని తేల్చారు. మిగతా 35 శాతం ఏ గూటిలోనూ ఇమడలేదు. మా వాడు ఆ బాపతు. పిల్లల తీరుకీ ఇంట్లోవాళ్ల తీరుకీ పొత్తు కుదరడమే ముఖ్యమన్నది వాళ్ల మాట.

దిల్‌సుఖ్‌నగర్_పిన్ని:
చేతుల్లో పెట్టకమ్మా. చుట్టాలు వస్తే చాయ్ తాగేదాకా పిల్ల నీ ఒళ్లోనే ఉండాలి. వాళ్లని పిల్ల కళ్లలోకి చూడొద్దను, ఏ తాళాల గుత్తో పక్కన పెట్టి తమ మాటల్లో తాము ఉండమను. అదే పాక్కుంటూ వెళ్తుంది. మా చిన్నమ్మాయి ఇప్పుడు మూడో తరగతి. ఈనాటికీ ఫంక్షన్ హాల్లో మొదట నా చున్నీ వదలదు. బయల్దేరే టైముకి వెతికినా దొరకదు.

రెండో_కాన్పు:
పేరు పెట్టి పిలిస్తే తిరుగుతోందా? ఎలాగూ తొమ్మిది నెలలకి ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా ఉంటుంది కదా, అప్పుడే డాక్టర్‌కి ఇవన్నీ చెప్పండి. టెన్షన్ పడేదేమీ కనిపించట్లేదు నాకైతే.

నల్లకుంట_అమ్మ:
తిరుగుతుందండి, వాళ్ల అన్నయ్యని పిలిచినా ఇదే తిరుగుతుంది. టీకా వచ్చే వారం, అడుగుతాను. పిన్నిగారూ, చాయ్ ఐడియా బాగుంది. కానీ మా ఆడపడుచుకి నేను చెప్తే ఇంకో గొడవ, మా ఆయన చేత చెప్పిస్తా.