చెరువు కట్ట మీద నుంచి గాలం: ఎర తింటున్నయి, చేప పడ్తలేదు

తూముగట్టు:
వరంగల్ దిక్కు మా ఊరి చెరువుల మత్స్య సంఘం పర్మిషన్ తీసుకొని కట్ట మీద నుంచి వేస్తున్న. బొచ్చె, రోహు, బంగారు తీగ ఉన్నయి. 9 అడుగుల రాడ్, 4000 సైజు రీల్, 0.30 మి.మీ. నైలాన్ దారం, ఆరు గాలాల స్ప్రింగు (ముద్ద పట్టి ఉంచే తీగ చుట్ట, చుట్టూ గాలాలు వేలాడ్తయి) వాడ్తున్న. ముద్దకు పల్లీ చెక్క (నూనె తీసినంక మిగిలే పిప్పి), మైదా సగం సగం. రాడ్ కొన టకటక కొట్టుకుంటది, గుంజితే ఏం ఉండదు. ఇరవై నిమిషాలకు తీసి చూస్తే ముద్ద పైపైన కొరికినట్టుంటది, లోపల గట్టిగనే ఉంటది. ఎప్పుడన్న పెద్దది పడితే ఒడ్డు దాకా వచ్చి రివిట్‌మెంట్ (కట్టకు నీళ్ల దిక్కు పేర్చిన) రాళ్ల కాడ దారం తెగుతది. ఏం మార్చాలె?

నల్లరేగడి:
తమ్మీ, టకటక కొట్టేవి ఎక్కువగా పరకలు (చిన్న చేపలు), జిలేబీ చేప పిల్లలు. పెద్ద కార్పు (బొచ్చె, రోహు, బంగారు తీగ అన్నీ ఈ జాతే) పట్టుకుంటే కొన మెల్లగ వంగుతది, లేకుంటే బిగువుగ ఉన్న దారం ఒక్కసారి వదులైతది.

అసలు తప్పు ముద్దల ఉంది. మైదా సగం పోస్తే అది ఎర కాదు, లప్పం. కార్పు మూతిల పండ్లుండవు, గొంతుల ఉంటయి. అది కొరకది, పీలుస్తది, నచ్చనిది ఊస్తది. స్ప్రింగు పనిచేసేది ముద్ద విడిపోయినంకనే. రాలిన పొడిని పీల్చేటప్పుడు, అందుల వదులుగ పడి ఉన్న గాలం కూడ లోపలికి పోతది. నీ ముద్ద విడిపోదు, గాలాలు అందులనే కూరుకొని ఉంటయి. చేప మూతితోని నూకి పోతది.

ఇట్ల కలుపు: పల్లీ చెక్క పొడి 500 గ్రాములు, దోరగ వేయించిన తవుడు 300, మక్క పిండి 150, మైదా 50కి మించొద్దు. చెక్కను దంచి జల్లెడ పట్టు, పెద్ద పలుకులుంటే పరకలు వాటి కోసమే తిరుగుతయి. నీళ్లు ఒక్కసారే పోయకు. తడిపొడిగ కలిపి 20 నిమిషాలు పక్కకు పెట్టు. చెక్క నీళ్లు నిదానంగ గుంజుకుంటది కాబట్టి ముందే సరిపోయిందనుకుంటే తర్వాత గట్టిపడ్తది. మళ్ల చేయి తడి చేసుకొని పిసుకు.

నిమ్మకాయ కంటె కొంచెం పెద్ద ముద్ద చేసి ముందు బకెట్ నీళ్లల్ల వేసి చూడు. పది పదిహేను నిమిషాలల్ల విడిపోవాలె. రెండు నిమిషాలల్లనే పగిలితే విసిరేటప్పుడు గాలిలనే ఊడిపోతది, ఇంకో చెంచ మైదా వెయ్యి. అరగంటైనా అట్లనే ఉంటే తవుడు పెంచు. ఆరు గాలాలు అక్కర్లేదు, నాలుగు చాలు. 8 నంబర్ గాలం, 6 నుంచి 8 సెం.మీ. మెత్తటి అల్లిక దారం. మొనలు ముద్ద పైపొరకే ఆనించు, లోపలికి గుచ్చకు.

మళ్ల మళ్ల అదే చోట పడాలె. ఎదురుంగ ఒక తాటిచెట్టునో కరెంటు స్తంభాన్నో గురి పెట్టుకొని, దూరం కుదిరినంక దారాన్ని రీల్ క్లిప్పుకు తగిలించి విసురు. ముద్ద కింద పడంగనే క్లిప్పు నుంచి దారం తీసెయ్యాలె, మర్చిపోతే చేప పరుగు పెట్టినప్పుడు దారం తెగుడే.

ఉప్పుటేరు:
తూముగట్టు గారూ, పైన చెప్పిన కొలతలు బాగున్నాయి. కానీ ముందు ఏ చేపకు వేస్తున్నారో తేల్చుకోండి. బొచ్చెకు నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీటిలో మేస్తుంది. శీలావతిది, అంటే రోహుది, నడి నీరు. మోసు (మృగాల్), బంగారు తీగ అడుగు మట్టిలో వెతుక్కుంటాయి. అడుగున పడేసిన ముద్దకు బొచ్చె రాదని కాదు, పొడి పైకి లేస్తే దిగి వస్తుంది, కానీ దాని కోసమే అయితే బెండు కట్టి మూడు నుంచి ఐదు అడుగుల లోతులో ఆడించడం మేలు. లోతు ఎక్కువైతే జారే బెండు వాడండి. పైన దారానికి చిన్న ముడి వేస్తే బెండు అక్కడే ఆగుతుంది. ఎర మెత్తగా ఉండాలి, వేయించిన శనగపిండి, బ్రెడ్ పొడి కలిపిన ముద్ద చాలు.

బంగారు తీగకు మాత్రం స్ప్రింగు మానేయండి. మొక్కజొన్న గింజలు ఒక రోజంతా నానబెట్టి, గింజ పగిలేదాకా అరగంట నుంచి నలభై నిమిషాలు ఉడికించి, అదే నీళ్లలో ఇంకో రోజు ఉంచండి. సరిగా ఉడకని గింజ చేప కడుపులో ఉబ్బుతుంది. మంచి గింజలు రెండో మూడో సూదితో సన్నని దారానికి గుచ్చి, ఆ దారాన్ని గాలం వెనక వేలాడదీయాలి. గాలం 6 నంబర్, ఖాళీగా ఉండాలి. గింజకూ గాలం వంపుకూ మధ్య అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా వదలండి. గాలం దారం 15 నుంచి 20 సెం.మీ., సీసం 60 నుంచి 80 గ్రాములు. గింజ పీల్చి ఊసేటప్పుడు గాలం పెదవికి ఆనుతుంది, సీసం బరువు తగిలి చేప బెదిరి పరుగెడుతుంది, అప్పుడే దిగబడుతుంది. మీరు గుంజక్కర్లేదు, రాడ్ ఎత్తితే చాలు. రీల్ డ్రాగ్ (చేప లాగితే దారం ఎంత బిగువు మీద జారాలో పెట్టే మర) మాత్రం వదులుగా ఉంచండి, బిగించి వదిలేస్తే రాడ్ నీళ్లలోకి పోతుంది.

పిల్ల చేపల గోలకు కూడా ఉడికించిన గింజే మందు. పరక నోట్లో పట్టదు.

ఏలకులు, వెనీలా ఎసెన్స్ గురించి ఎవరైనా చెప్తే పెద్దగా పట్టించుకోకండి. చెక్క ముక్కిన వాసన వస్తే అది మానేయండి, అంతే.

బిగించినముడి:
దారం తెగడం గురించి ఎవరూ చెప్పలేదు. నైలాన్ రాతి అంచుకు ఒరుసుకుంటే 0.30 నిలవదు. రీల్ దారం చివర 5 నుంచి 6 మీటర్లు 0.45 దారం కలపండి. ఒడ్డు దగ్గర చేప మునిగినప్పుడు రాయికి తగిలేది ఆ భాగమే. రెండూ కలిపే ముడి బిగించే ముందు ఉమ్మితో తడపండి, పొడిగా లాగితే వేడికి నైలాన్ బలం పోతుంది. అల్లిక దారం గట్టిదని మొత్తం దానికే మారకండి, రాయి మీద నైలాన్ కంటే త్వరగా తెగుతుంది.

డ్రాగ్ చూసుకోవడానికి రెండు లీటర్ల నీళ్ల సీసా దారానికి కట్టి నేరుగా రీల్ నుంచి ఎత్తండి. సీసా లేవబోతుండగా దారం జారాలి. చేప దగ్గరికొచ్చాక రాడ్ నిటారుగా ఎత్తి, దారం రాళ్లకు తగలకుండా పట్టండి, తల తిప్పితే పక్కకు వంచండి. రెండు మీటర్ల పిడి ఉన్న వల ముందే నీళ్లలో దించి ఉంచి, చేపను దాని మీదికి నడిపించాలి. దారం పట్టి పైకి లేపితే తెగేది అప్పుడే. ప్రతి పెద్ద చేప తర్వాత చివరి మీటరు వేళ్ల మధ్య లాగి చూడండి, గరుకు తగిలితే కోసేయండి.

ఇంకొకటి, కట్ట మీద కరెంటు తీగలుంటే కార్బన్ రాడ్ ఎత్తకండి. తూము దగ్గర నీళ్లు వదిలే రోజు కిందికి దిగొద్దు.

తూముగట్టు:
మంచిగ సమజైంది. మక్కలు ఉడకబెడ్త, ముద్ద మార్చి కూడ చూస్త. ఒకటే డౌట్: పొద్దుగాల ఎప్పుడు మొదలుపెట్టాలె?

నల్లరేగడి:
పాచి పట్టిన చెరువైతే మరీ తెల్లారక ముందు వద్దు. రాత్రంత మొక్కలు, నాచు ఆక్సిజన్ వాడుకుంటయి, తెల్లారే ముందే అది తక్కువుంటది, చేపలు పైన నోరు తెరుసుకుంట తిరుగుతయి గని తినవు. ఎండ పడ్డ గంట తర్వాత మొదలుపెట్టు. చలికాలంల బంగారు తీగనే నమ్ముకో, బొచ్చె, రోహు అప్పుడు మేత తగ్గిస్తయి. వానలు పడి వాగు నీళ్లు కొత్తగ వస్తే కట్ట వదిలి శిఖం దిక్కు (చెరువులకు నీళ్లు వచ్చే పై దిక్కు) పో, చేప అటే పోతది. కాకపోతే గుడ్లు పెట్టే కాలం అదే, సంఘం వాళ్లు ఆపమంటే ఆపాలె.