2.5 మీటర్ల కలంకారీ గుడ్డతో మొదటి లంగా: ఏ కోత నయం?

కొత్తసూది:

అందరికీ నమస్కారం. మా అత్తగారి తొక్కుడు మిషను ఇంట్లో ఖాళీగా ఉండడంతో ఈ మధ్యనే కుట్టు నేర్చుకోవడం మొదలుపెట్టాను. దిండు గలీబులు, కిటికీ తెరలు తిన్నగానే వస్తున్నాయి, కానీ వంపుల మీద కుట్టు ఇంకా చేతికి రాలేదు. ఇప్పుడు నా కోసం చీలమండల దాకా వచ్చే పొడవాటి లంగా ఒకటి, పొట్టి కుర్తీ కిందకు వేసుకునేది, కుట్టుకోవాలని మచిలీపట్నం కలంకారీ కాటన్ 2.5 మీటర్లు తెచ్చుకున్నాను. గుడ్డ పన్నా, అంటే వెడల్పు, 44 అంగుళాలు. నా నడుము 30 అంగుళాలు, సీటు, అంటే పిరుదుల చుట్టుకొలత, 39, నడుము నుంచి కిందికి పొడవు 37.

నాకు అంబ్రెల్లా కట్ అంటే ఇష్టం. అయితే ఈ గుడ్డ దానికి చాలదని దుకాణంలో అన్నారు. జిప్పు వేయడం, కాజాలు కుట్టడం నాకు రావు. ఈ గుడ్డలో, నాకు వచ్చిన పనితో, బయటికి వేసుకుని వెళ్ళగలిగేలా ఏది కుట్టుకోవచ్చో, ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరా?

కత్తెరమ్మ:

దుకాణంలో చెప్పినది నిజమేనండి. అంబ్రెల్లా అంటే పూర్తి వృత్తం. నడుము దగ్గర కోసే చిన్న వృత్తానికి వ్యాసార్ధం రావాలంటే చుట్టుకొలతను 6.28తో భాగించాలి. జిప్పు లేకుండా తొడుక్కోవాలంటే అది నడుము మీదుగా కాదు, సీటు మీదుగా దిగాలి, కాబట్టి 40 అంగుళాలు అనుకుంటే వ్యాసార్ధం 6.4 వస్తుంది. దానికి 37 అంగుళాల పొడవు, కింద మడతకు ఒక అంగుళం కలిపితే 44 దాటింది, అంటే పన్నాలోనే పట్టదు. పట్టినా రెండు అర్ధవృత్తాలకు 4.5 మీటర్ల గుడ్డ కావాలి. ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. వృత్తంగా కోసిన గుడ్డ కొన్నిచోట్ల పడుగు (నిలువు పోగుల) వెంట, కొన్నిచోట్ల ఏటవాలుగా వేలాడుతుంది. ఏటవాలుగా ఉన్న చోట అది సాగుతుంది కనుక కింది అంచు ఎగుడుదిగుడవుతుంది, దాన్ని సరిచేయడం అలవాటైన చేతులకే విసుగు. కలంకారీలో పూలతీగలు, చెట్లు ఉంటే పక్కలకు వచ్చేసరికి అవి అడ్డంగా పడుకుంటాయి కూడా.

మీ గుడ్డకు, మీ చేతికి సరిపోయేది రెండు నిలువు ముక్కల కుచ్చుల లంగా, నడుముకు ఎలాస్టిక్. దీనిలో ఒక్క వంపు కూడా లేదు. ముందు గుడ్డను మామూలు నీళ్ళలో విడిగా రాత్రంతా నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, కొద్దిగా తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. కాటన్ మొదటి తడుపులో కుంచించుకుంటుంది, రంగు కూడా కొంత దిగుతుంది, కనుక ఈ పని కుట్టిన తర్వాత జరగడం కంటే కత్తెర పెట్టక ముందు జరగడమే మేలు. ఆ తర్వాత మళ్ళీ కొలవండి.

కావలసిన పొడవు 37, పైన ఎలాస్టిక్ దూర్చే మడతకు ఒకటిన్నర, కింద అంచు మడతకు రెండు, మొత్తం 40.5 అంగుళాలు. ఈ పొడవున పన్నా మొత్తం ఉంచి రెండు ముక్కలు కోస్తే 81 అంగుళాలు పోతుంది. ముక్కలకు రెండు పక్కలా నేత అంచే వస్తుంది, దాని పోగులు ఊడవు, కాబట్టి మీకు ఓవర్‌లాక్ అవసరమే ఉండదు. మొదటిసారి కుట్టేవారికి నేను ఈ కోత చెప్పడానికి అసలు కారణం ఇదే. నేత అంచు కొన్ని గుడ్డల్లో బిగువుగా ఉండి పక్క కుట్టును పైకి లాగుతుంది, అలా అనిపిస్తే అంచు మీద నాలుగేసి అంగుళాలకు ఒకటి చొప్పున చిన్న గాట్లు పెడితే చాలు.

పక్క కుట్లకు అర అంగుళం చొప్పున వదిలి రెండు ముక్కలనూ కలిపితే చుట్టు 86 అంగుళాల దాకా ఉంటుంది. నడుముకు అది దాదాపు మూడింతలు, కుచ్చులు నిండుగా వస్తాయి. పైన పావు అంగుళం మడిచి ఇస్త్రీ చేసి, మరో అంగుళంపావు మడిచి, ఆ మడత అడుగు అంచు వెంట చుట్టూ కుట్టండి. పక్క కుట్టు దగ్గర మాత్రం రెండు అంగుళాలు వదలండి. అంగుళం వెడల్పు ఎలాస్టిక్‌ను 29 అంగుళాలు కోసి, ఒక చివరకు పిన్నీసు గుచ్చి ఆ సందులోంచి దూర్చి చుట్టూ తిప్పి, రెండు చివరలూ ఒకదానిపై ఒకటి అంగుళం మేర పెట్టి చదరంగా కుట్టాలి. లోపల మెలి పడిందేమో చేత్తో తడిమి చూసిన తర్వాతే ఆ సందు మూయండి.

గోదారిగట్టు:

కత్తెరమ్మగారి లెక్కతో నాకు పేచీ లేదు గానీ, చుట్టూ ఎలాస్టిక్ వేస్తే నడుము దగ్గర 86 అంగుళాల గుడ్డ అంతా ఉబ్బెత్తుగా పోగుపడి, పైన పొట్టి కుర్తీ వేస్తే పొట్ట ఎత్తుగా కనిపిస్తుంది. ఇంట్లో కట్టుకునే లంగాకు అది ఫరవాలేదు, బయటికి మాత్రం ముందు భాగం చదునుగా ఉంటేనే బాగుంటుంది. దీనికి జిప్పు అక్కర్లేని ఉపాయం ఒకటి ఉంది. ముందు ముక్కకు ప్లీట్లు పెట్టి దాన్ని 16 అంగుళాలకు తెచ్చి, పైన గట్టి నడుము పట్టీ వేయండి. వెనుక ముక్కకు మాత్రమే 14 అంగుళాల ఎలాస్టిక్ వేయండి. ఎలాస్టిక్ రెట్టింపు సాగుతుంది కనుక తొడుక్కునేటప్పుడు 44 అంగుళాల దాకా తెరుచుకుంటుంది, 39 సీటు మీదుగా సులువుగా దిగుతుంది. ప్లీట్లను మధ్య నుంచి రెండు పక్కలకూ తిప్పి, ఇస్త్రీ చేసి, మిషను మీద పెట్టకముందు చేత్తో పొడవు కుట్టు వేసి నిలపడం మరువకండి. లోపలి వైపు పట్టీకి క్యాన్వాస్ అంటిస్తే అది ముడుచుకోకుండా నిలుస్తుంది.

కొత్తసూది:

ఇద్దరికీ ధన్యవాదాలు. గుడ్డను తడిపి ఆరేశాను. ఇప్పుడు పొడవు 95 అంగుళాలు, పన్నా 43 ఉంది. ముందు ప్లీట్లు, వెనుక ఎలాస్టిక్ పద్ధతి నచ్చింది. రెండు సందేహాలున్నాయి. పాత దుప్పటి మీద సాధన చేస్తుంటే అడుగున దారం ఉండలు కట్టుకుపోతోంది, అడుగు దారం చుట్టే బాబిన్ మార్చినా తగ్గలేదు. మిగిలిన 14 అంగుళాల గుడ్డతో ఏమి చేయవచ్చు?

పాతమిషను:

అడుగున ఉండలు కడితే అందరూ బాబిన్‌ను అనుమానిస్తారు, చాలాసార్లు లోపం పైదారంలో ఉంటుంది. గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం కిందికి దించి ఉండగా దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగించే టెన్షన్ పలకల మధ్యకు దిగదు, పైన పట్టు లేక అంతా కిందికి జారి గుత్తులవుతుంది. పాదం ఎత్తి, సూదిని పైకి తెచ్చి, మొదటి నుంచి మళ్ళీ దారం ఎక్కించండి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలనూ వెనక్కి లాగి వేలితో పట్టుకోండి. తొక్కుడు మిషనులో చక్రం ఒకసారి వెనక్కి తిరిగినా దారం తెగుతుంది, కాబట్టి ముందు చేత్తో చక్రాన్ని మీ వైపుకు తిప్పి ఆ తర్వాత తొక్కండి. కలంకారీ మందానికి 14 నంబరు సూది సరిపోతుంది. అరిగిన సూదితో ఎంత తంటాలు పడినా కుట్లు దాటుతూనే ఉంటాయి, కొత్తది వేసి చూడండి.

మిగిలిన గుడ్డలోంచి ముందుగా నడుము పట్టీకి 17 అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు ముక్క కోసి పక్కన పెట్టుకోండి. మిగతాదానితో జేబు వేయండి. ఆడవాళ్ళ బట్టలకు జేబు పెట్టని టైలర్ల మీద నాకున్న కోపం ఇక్కడ తీర్చుకుంటున్నాను అనుకోండి. ఏడు అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు ఉన్న రెండు ముక్కలు ఒక జేబుకు చాలు. పక్క కుట్టు వేయకముందే, నడుము అంచు నుంచి నాలుగు అంగుళాలు కిందకు వదిలి, ముందు ముక్కకు ఒకటి, వెనుక ముక్కకు ఒకటి కుట్టేసి, ఆ తర్వాత జేబు చుట్టూ తిరుగుతూ పక్క కుట్టు మొత్తం ఒకేసారి వేయాలి. చెయ్యి పెట్టే చోటు ఆరున్నర అంగుళాలు ఉండాలి, అంతకంటే తక్కువైతే ఫోను పట్టదు.

కింది అంచు మాత్రం చివర్లో చేయండి. లంగాను ఒక రాత్రి కొక్కేనికి వేలాడదీసి, మర్నాడు తొడుక్కుని నిలబడి, వేరే ఎవరినైనా నేల నుంచి స్కేలుతో కొలిచి గుండుసూదులు గుచ్చమనండి. వంగి చూసుకుంటూ మీరే గుచ్చుకుంటే ముందు భాగం పొట్టిదవుతుంది. వెనుక ఎలాస్టిక్ గుడ్డను కొద్దిగా పైకి లాగుతుంది కనుక వెనుక గుర్తు ముందు కంటే అర అంగుళం కిందకు ఉండడం సహజమే, దాన్ని టేబులు మీద పరిచి ముందుతో సమానం చేయాలని ప్రయత్నించకండి.