"కడవల దోరంబగు నెయ్యి": దోరా, తోరా?

టేమ్స్‌ఒడ్డు:
నిన్న రాత్రి కింగ్ ఆఫ్ థీవ్స్ డీవీడీ చూశాను. 2018 సినిమా, ఇక్కడ లండన్‌లో పాత సామాన్ల కొట్లో ఒక్క పౌండుకి దొరికింది. 2015 ఈస్టర్ సెలవుల్లో లండన్ నగల వ్యాపారుల వీధి హాటన్ గార్డెన్‌లో లాకర్లు కొల్లగొట్టిన ముసలి దొంగల కథ. అరవై, డెబ్బై దాటినవాళ్లు, ఒకడికి షుగరు, కాపలా పెట్టినవాడేమో కునుకు తీస్తాడు. యాభై సెంటీమీటర్ల కాంక్రీటు గోడకి కన్నం వేసి 73 లాకర్లు పగలగొట్టారు గానీ, అసలు సినిమా ఆ తర్వాతే. మొదటి రాత్రి పని కాకపోయేసరికి ముఠా పెద్దగా వేసిన మైకేల్ కెయిన్ ఇంటికి వెళ్లిపోతాడు, మిగతావాళ్లు రెండోసారి వెళ్లి తెచ్చింది అతనికి పంచేది లేదంటారు. ఇక ఒకరి మీద ఒకరికి అనుమానం, నువ్వంటే నువ్వని తిట్లు. అప్పటినుంచి "వారికి వీరికిని దొడ్డ వాదయ్యె సతీ" అని, చిన్ని కృష్ణుడి నేతి దొంగతనం మీద గోపికలు యశోదకి చెప్పే పోతన పద్యం నోట్లో తిరుగుతోంది, రెండో పాదమే రావడం లేదు. "కడవల... నెయ్యి ద్రావి". మధ్యలో ఏముంది? ఇంకోటి, దొంగతనం మానేసి ఇంట్లో కూర్చున్నవాడికి తెలుగులో మాట ఏదైనా ఉందా?

గోదారిగట్టు:
"దోరంబగు నెయ్యి". పద్యం మొత్తం ఇది: "వా రిల్లు చొచ్చి కడవల / దోరంబగు నెయ్యి ద్రావి తుది నా కడవల్ / వీ రింట నీ సుతుం డిడ / వారికి వీరికిని దొడ్డ వాదయ్యె సతీ". దోరగా కాచిన నెయ్యి అండీ. మా అమ్మమ్మ వెన్న కాచేటప్పుడు తమలపాకు వేసి, అడుగున మడ్డి ఎర్రబడేలోపు దింపేది, "దోరగా దిగాలి" అనేది. ఆ వాసన తెలిసినవాడే అక్కడ ఆ మాట వేయగలడు.

పాతపుస్తకం:
కాదండీ, అది తోరంబు. కడవలన్ + తోరంబగు. ద్రుతం, అంటే మాట చివరి న్, దాని మీద త వచ్చి ద అయింది. తోరము అంటే మెండు, లావు. పాత అచ్చుల్లో "కడవలఁ దోరంబగు" అని అరసున్నతో ఉంటుంది. ఆ అరసున్నే సాక్ష్యం, మొదటినుంచీ ద అయితే అక్కడ అరసున్న పడదు. ఇప్పటి పుస్తకాల్లో అరసున్నలు తీసేశారు, అందుకే ఈ తికమక.

గోదారిగట్టు:
అరసున్న ఎక్కడ పెట్టాలో తేల్చింది పరిష్కర్త, పోతన కాదు. ఆయన తోర అనుకున్నాడు కాబట్టి పెట్టాడు. దాన్నే సాక్ష్యం అంటే ఎలా?

కందపద్యం:
ఛందస్సు ఇక్కడ సాయం చేయదు, లెక్క వేసి చూశాను. ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం, ర (వారి, దోరం, వీరి, వారి), దానికి ఏదైనా సరే. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో పొంతన, "దోరంబగు"కి "తుది"తో, త అయినా ద అయినా చెల్లుతుంది. కానీ అక్కా, "దోర" నుంచి "దోరంబు" ఎలా వస్తుంది? చివర ము ఉన్న మాటకే కదా ంబు వచ్చేది. తోరము, తోరంబు. ఇది నా వరకు చాలు.

ఓరుగల్లు:
ఇంత దూరం ఎందుకు, అందరం చిన్నప్పుడు చదువుకున్నదే. "తొండము నేకదంతమును దోరపు బొజ్జయు". అక్కడ కూడా ద్రుతం తర్వాతే తోరపు కాస్తా దోరపు అయింది. ఆ బొజ్జకి దోర అనే అర్థం ఎట్లా పొసగుతుంది? మా బమ్మెర కవి ఈ మాటను తెలిసే వాడాడు.

మిట్టరాముడు:
పోతన ఊరు బమ్మెర అని మీరంటారు. మా ఒంటిమిట్ట వాళ్లం ఆ మాట ఒప్పుకోము, కోదండరాముడి గుడి ముందు పెరిగినవాణ్ణి. అది అట్లుంచి, పద్యంలో నాకు నచ్చేది వేరే. ఈ దొంగ తాగి ఊరుకోడు, ఖాళీ కడవలు తెచ్చి పక్కింట్లో పెడతాడు. "తుది నా కడవల్" అంటే నా కడవలు కాదు, తుదిన్ + ఆ కడవల్. ఇస్కూల్లో సగం మంది "నా కడవలు" అనే చదివేవాళ్లం.

టేమ్స్‌ఒడ్డు:
నేనూ ఇన్నేళ్లూ అట్లాగే చదివాను! ఆ ముసలివాళ్లు కూడా కొంత సొత్తు ఎడ్మంటన్‌లో శ్మశానంలో దాచారు, పోలీసులు అక్కడే పట్టుకున్నారు. పెద్దవాళ్లకిచ్చే ఉచిత బస్ పాస్ మీద బస్సెక్కి చోరీకి వెళ్లిన మనిషి కూడా ఉన్నాడు అందులో. నా రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

పాతపుస్తకం:
పేపర్లలో "పాత నేరస్థుడు" అని రాస్తారు గానీ, అది మళ్లీ దొరికినవాడికి, మీకు కావలసినదానికి సరిగ్గా తలకిందులు. కేడీ అన్నది పోలీసు జాబితా మాట. దొంగ అనే అర్థంలో మ్రుచ్చు ఉంది, ముచ్చు మొహం అని ఇప్పటికీ అంటాం, కానీ అందులో మానేయడం లేదు.

కందపద్యం:
మాజీ దొంగ?

టేమ్స్‌ఒడ్డు:
మాజీ అంటే పదవి గుర్తొస్తోంది నాకు. వీళ్లని పంపించినవాళ్లు ఎవరూ లేరు, ఒళ్లు సహకరించక ఇంట్లో కూర్చున్నారు. ఆ బాధ మాటలో వినపడాలి.

గోదారిగట్టు:
ంబు సంగతి విన్నాక వ్యాకరణం మీదే అని ఒప్పుకుంటున్నాను, తమ్ముడూ. కానీ ఆ పాదం చదివినప్పుడల్లా నాకు వంటింట్లో నెయ్యి వాసనే వస్తుంది, దాన్ని మాత్రం మార్చుకోలేను.

ఓరుగల్లు:
ఇప్పుడు నాకు ఇంకో అనుమానం. మా దగ్గర దొడ్డు బియ్యం అంటే లావు బియ్యం. తోరము కూడా లావే. రెండో పాదంలో నెయ్యి తోరం, నాలుగో పాదంలో వాదు దొడ్డ. నెయ్యి ఎంతో కొట్లాట కూడా అంతే అని పోతన కావాలని చెప్పాడా? సాటి పద్యాలు ఎవరికైనా గుర్తుంటే పెట్టండి.