ఆఫ్టర్‌గ్లోను తెలుగులో ఏమందాం?

హనుమకొండ నుంచి ఒక టీచర్:
బడి గోడపత్రికకు గామా కిరణ విస్ఫోటాల మీద, అంటే దూర అంతరిక్షంలో జరిగే భారీ పేలుళ్ల మీద, ఒక పేజీ రాస్తున్నాను. విస్ఫోటం అయిపోయాక రోజుల తరబడి కనిపించే వెలుగును ఇంగ్లిషులో ఆఫ్టర్‌గ్లో అంటారు. ‘అనుదీప్తి’ అని రాస్తే తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి “ఏ దీప్తి టీచర్?” అని అడిగింది. ఆ తరగతిలో దీప్తులు ఇద్దరున్నారు. మంచి మాట చెప్పి పుణ్యం కట్టుకోండి.

జనగామ:
నివురు అనండి. నివురుగప్పిన నిప్పు తెలియనివారు లేరు. మంట పోయాక ఉండేది అదే కదా.

కాజీపేట:
‘మిగులు వెలుగు’. పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

వరంగల్, రిటైరైన ఫిజిక్సు మాస్టారు:
రెండూ వినసొంపుగానే ఉన్నాయి, రెండూ దారి తప్పిస్తాయి. ఈ వెలుగు మిగిలినది కాదు, కొత్తగా పుట్టినది. భారీ నక్షత్రం గర్భం కుప్పకూలినప్పుడో, రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొని కలిసిపోయినప్పుడో దాదాపు కాంతివేగంతో పదార్థం సన్నని ధారగా ఎగజిమ్ముతుంది. గామా కిరణాలు ఆ ధార లోపలివి. అది ముందుకు దూసుకుపోయి చుట్టూ ఉన్న వాయువును గుద్దుకుంటుంది. అక్కడ ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో గిరగిరా తిరుగుతూ ఎక్స్ కిరణాలు, మామూలు కాంతి, రేడియో తరంగాలు వెలువరిస్తాయి. ఆఫ్టర్‌గ్లో అంటే అదీ.

చౌరస్తాలో సైకిలు తొక్కుతూ కత్తులకు సానపట్టే మనిషిని చూసే ఉంటారు. ఆ రవ్వలు కత్తి దాచుకుని తెచ్చినవి కావు. రాయికి ఒరుసుకున్న చోట అప్పటికప్పుడు పుడతాయి. నివురు కింద నిప్పుకు, సానరాయి రవ్వకు ఉన్నంత తేడా ఇక్కడ ఉంది.

1997 ఫిబ్రవరి 28 నాటి విస్ఫోటం సుమారు 80 సెకన్లలో ముగిసింది. బెప్పోసాక్స్ ఉపగ్రహం అదే చోట ఎక్స్ కిరణాల వెలుగును పట్టుకుంది; నేల మీది టెలిస్కోపులకు మామూలు కాంతి కూడా చిక్కింది. అంతరిక్షంలోని హబుల్ టెలిస్కోపు మార్చి, ఏప్రిల్ నెలల్లో అటు తిరిగి చూస్తే ఒక చుక్క, దాని పక్కన మసక మరక. సెప్టెంబరులో మళ్లీ చూస్తే చుక్క బాగా వెలవెలబోయింది గాని ఇంకా ఉంది. మరక మాత్రం తగ్గలేదు. అది గెలాక్సీ మరి! 80 సెకన్ల పేలుడుకు ఆరు నెలల వెలుగు. దాన్ని ‘మిగులు’ అంటే నాకు మనసొప్పదు.

జనగామ:
ఒప్పుకున్నాను మాస్టారూ. నివురును వెనక్కి తీసుకుంటున్నాను. మరి మీ మాట ఏమిటి?

వరంగల్ మాస్టారు:
నా దగ్గర లేదు. తప్పులు పట్టడం మటుకే వచ్చు.

పరకాల:
‘మలివెలుగు’ ఎలా ఉంది? తొలిసంజ, మలిసంజ ఎప్పటి నుంచో ఉన్నవే. మలి అంటే రెండోది, తరవాతిది. మిగిలినదని అర్థం రాదు. తెలంగాణ ఉద్యమంలో 1969 నాటిది తొలిదశ, తరవాతిది మలిదశ అన్నాం. మలిదశ ఉద్యమాన్ని తొలిదశ మిగులు అని ఎవరైనా అన్నారా?

ఇంకో సంగతి. మా ఇంట్లో పెద్దవాళ్లు దీపం ఆర్పమనరు, మలపమంటారు. దీపం మలిగింది అంటారు. ఆ మలగడం వేరు, ఈ మలి వేరు. వ్యుత్పత్తి కలపడం లేదు, నన్ను తిట్టకండి. కానీ రోజురోజుకూ సన్నగిల్లే వెలుగుకు పెట్టే పేరులో ఆ చప్పుడు కూడా వినిపిస్తే నష్టమేముంది?

వరంగల్ మాస్టారు:
దీనిలో తప్పు దొరకలేదు. పొద్దుటి నుంచి వెతుకుతూనే ఉన్నాను.

హనుమకొండ టీచర్:
మలివెలుగు అని రాసేశాను. దీప్తులిద్దరూ కాస్త చిన్నబుచ్చుకున్నారు. ఇక మాస్టారు చెప్పిన ఆ ధార సంగతి. ఇంగ్లిషులో జెట్ అంటారు. ‘ధార’ అని రాస్తే పిల్లలు వానను తలుచుకుంటున్నారు, ‘చిమ్ము’ అంటే నవ్వుతున్నారు. చార్టులో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.